ఎమ్మెల్యే ఆస్తులు, కేసులు, సభలో పనితీరు: ఎక్కడ వెతకాలి?

గాలిగోపురం: తిరుపతి జిల్లా ఎమ్మెల్యే ఒకాయన గురించి పరిచయ వ్యాసం రాయాలి. చదువు, ఆస్తులు, కేసులు పక్కాగా ఎక్కడ దొరుకుతాయి? పార్టీ కరపత్రం వద్దు.

కోనేటిగట్టు: నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ పట్టుకోండి, ఎన్నికల సంఘం సైట్‌లో ఉంటుంది. అయిదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం, భార్యాభర్తల అప్పులు, కేసుల సెక్షన్లు అన్నీ అందులోనే. భూమి దగ్గర సర్వే నంబరు, కొన్న తేదీ, కొన్నప్పటి ధర, ఇప్పటి ధర విడివిడిగా ఉంటాయి. చాలామంది ఇప్పటి ధర ఒక్కటే చూసి "ఆస్తి పెరిగింది" అని రాసేస్తారు. కొత్తగా ఏమీ కొనకపోయినా రేటు పెరిగితే అంకె పెరుగుతుంది కదా! పాత, కొత్త ఎన్నికల అఫిడవిట్లలోని సర్వే నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. సాగు భూమైతే ప్రభుత్వ భూ రికార్డుల సైట్ మీభూమిలో 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) కూడా చూడండి.

స్వర్ణముఖి: జిల్లా పేరుతో జాగ్రత్త అన్నా. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. 2019 ఎన్నికల కాగితాలకు చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు చిత్తూరు కింద వెతకాలి. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు కింద.

గాలిగోపురం: మరి సభలో ఏం మాట్లాడారో?

కోనేటిగట్టు: వెలగపూడిలోని శాసనసభ సచివాలయానికి సమాచార హక్కు (స.హ.) చట్టం కింద దరఖాస్తు పెట్టండి, రుసుం 10 రూపాయలు, గడువు 30 రోజులు. "పనితీరు చెప్పండి" అని రాస్తే తిప్పి పంపుతారు. ఫలానా సమావేశాల్లో అడిగిన ప్రశ్నలు, హాజరు పట్టిక నకళ్లు అని అడగండి. మంత్రులు హాజరు పట్టికలో సంతకం పెట్టరు, అది గైర్హాజరు అనుకోవద్దు.