కెమెరా విప్పకుండానే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్: అందరూ వేసుకోవచ్చా?

మారతహళ్ళి_మిత్రుడు:
హాల్లో పెట్టిన వైఫై కెమెరాలో ఫుటేజీ చూడాలంటే కంపెనీ యాప్, వాళ్ళ క్లౌడ్ తప్ప వేరే దారి లేదు. నెట్ పోతే పక్క గదిలోంచి కూడా కనబడదు. థింజినో అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (కెమెరాని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వేస్తే ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్, అంటే లైవ్ వీడియో, నేరుగా మన ఇంటి నెట్‌వర్క్‌లోనే వస్తుంది. కొన్ని మోడళ్ళకి మెమరీ కార్డుతోనే ఎక్కుతుంది, టంకం పని లేదు. ఇంత తేలికైనప్పుడు అందరూ వేసుకోవాల్సిందే అంటాను. కాదంటే ఎందుకో చెప్పండి.

ఎస్పీరోడ్_సర్వీస్:
తమ్ముడూ, ఎక్కించడానికి పనిముట్లు అక్కర్లేదు, నిజమే. చెడితే బాగుచెయ్యడానికి కావాలి. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

థింజినో ఇంజెనిక్ కంపెనీ ప్రాసెసర్ చిప్‌లకే. లోపల సిగ్మాస్టార్ కంపెనీ చిప్ ఉంటే ఓపెన్‌ఐపీసీ అనే ఇంకో ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ వైపు చూడాలి. డబ్బా మీద మోడల్ పేరు చూసి నమ్మకు. ఒకే పేరుతో వచ్చిన రెండు కెమెరాల్లో వైఫై చిప్ వేరువేరుగా ఉండొచ్చు. వేరేదాని ఇమేజ్ (ఫర్మ్‌వేర్ ఫైలు) వేస్తే బూట్ అవుతుంది గానీ వైఫై రాదు. ల్యాన్ పోర్టు లేని కెమెరాలోకి ఇంకెలా వెళ్తావు?

రాసేటప్పుడు కరెంటు పోయి యూబూట్ (కెమెరా ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాము) పాడైందనుకో, ఇక మెమరీ కార్డుతో మళ్ళీ ఎక్కించడం కుదరకపోవచ్చు. అప్పుడు విప్పి, ఫర్మ్‌వేర్ ఉండే ఎనిమిది కాళ్ళ ఫ్లాష్ చిప్‌కి క్లిప్ తగిలించి, సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్ బోర్డుతో మళ్ళీ రాయాలి. ఆ నల్ల బోర్డుల్లో చాలావాటికి డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. ఫ్లాష్ చిప్ మామూలుగా 3.3 వోల్టులది, దెబ్బతినొచ్చు.

మారతహళ్ళి_మిత్రుడు:
ఫ్లాష్ పాడైతే ఇంజెనిక్ చిప్ యూఎస్‌బీ బూట్‌లోకి (యూఎస్‌బీ కేబుల్ నుంచే మొదలయ్యే పద్ధతిలోకి) పోతుంది కదన్నా? కేబుల్ పెట్టి మళ్ళీ రాసుకోవచ్చు.

ఎస్పీరోడ్_సర్వీస్:
డేటా లైన్లు సాకెట్ దాకా వేసిన బోర్డులకే. చాలా చవక కెమెరాల్లో ఆ సాకెట్ కరెంటుకి మాత్రమే.

వైట్‌ఫీల్డ్_అసోసియేషన్:
ఇంట్లో మీ ఇష్టం బాబూ. అపార్ట్‌మెంట్ గేటు కెమెరాల జోలికి మాత్రం ఎవరూ రావద్దు. 2025 ఏప్రిల్ 9 నుంచి కొత్త మోడళ్ళు అమ్మాలంటే ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి. ఆ పరీక్ష జరిగింది కంపెనీ ఫర్మ్‌వేర్‌కి. మీరు మార్చాక రేపు దొంగతనం జరిగి ఫుటేజీ లేకపోతే నివాసులకి జవాబు చెప్పాల్సింది నేను.

కేఆర్‌పురం_అక్క:
అసోసియేషన్ గారూ, గేటు విషయంలో మీ మాటే రైటు. కానీ కంపెనీ ఫర్మ్‌వేరే క్షేమం అనుకోకండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ పట్టుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ డీవీఆర్‌లనీ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టెలనీ). ఆ అక్టోబరులో వాటితోనే డైన్ (వెబ్‌సైట్ పేర్లకి అడ్రసు చూపే డీఎన్‌ఎస్ కంపెనీ) మీద దాడి జరిగి ట్విట్టర్ లాంటి సైట్లు చాలామందికి తెరుచుకోలేదు. అప్‌డేట్లు ఆపేసిన పాత కెమెరా పడకగదిలో ఉంటే నేనైతే మార్చేస్తాను, లేదా తీసేస్తాను.

మిత్రుడూ, నీకు చెప్పేదొకటే. ఫర్మ్‌వేర్ మార్చాక రౌటర్లో పోర్టు (బయటి నెట్ నుంచి కెమెరాకి నేరుగా దారి) మాత్రం తెరవకు. బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకో.

మారతహళ్ళి_మిత్రుడు:
సరే, "అందరూ" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. లోపలి చిప్, వైఫై చిప్ రెండూ తెలిసినవాళ్ళు, పోయినా పర్వాలేదనుకునే కెమెరా ఉన్నవాళ్ళు వేసుకోవాలి. అన్నా, ముందు పాత ఫ్లాష్ మొత్తం బ్యాకప్ తియ్యడం విప్పకుండా కుదురుతుందా?

ఎస్పీరోడ్_సర్వీస్:
పాత ఫర్మ్‌వేర్లో షెల్ (కమాండ్లు టైపు చేసే చోటు) దొరికితే కుదురుతుంది, ఎంటీడీ భాగాలన్నీ (ఫ్లాష్‌లోని విభాగాలు) కార్డులోకి కాపీ చేసుకో. దొరక్కపోతే క్లిప్పే గతి. యూపీఎస్ మీద పెట్టి మొదలెట్టు.