అప్‌డేట్: ఎక్సెల్ మాక్రోలను ఓడీఎస్‌లోకి మార్చే పని పూర్తయింది

మా పరపతి సంఘం వడ్డీ లెక్కల ఎక్సెల్ ఫైలును, అందులోని వీబీఏ మాక్రోలు (ఎక్సెల్ పనులను దానంతటదే చేయించే చిన్న ప్రోగ్రాములు) చెడకుండా, లినక్స్‌లో నడిచే లిబ్రేఆఫీస్ కాల్క్‌కు (దాని సొంత ఫైలు రూపమే ఓడీఎస్) ఎలా మార్చాలని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీరు సూచించినట్లే లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లోని వీబీఏ ప్రాపర్టీస్‌లో ‘ఎగ్జిక్యూటబుల్ కోడ్’ ఎంచుకొని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫైలును (మాక్రోలున్న ఎక్సెల్ ఫైలు) తెరిచాను. మాక్రోల కోడ్ ఉండే మాడ్యూలు మొదట్లో ‘ఆప్షన్ వీబీఏసపోర్ట్ 1’ అనే వరుస దానంతటదే చేరింది. అది ఉన్నంతవరకు రేంజ్, సెల్స్ వంటి ఎక్సెల్ పదాలను కాల్క్ అర్థం చేసుకుంటుంది. మాక్రోలలో చాలా భాగం ఏ మార్పూ లేకుండానే నడిచింది. విండోస్ డీఎల్‌ఎల్‌ను (విండోస్‌కు చెందిన ప్రోగ్రాము ఫైలు) పిలిచే డిక్లేర్ వాక్యాలు మాత్రం లినక్స్‌లో పనిచేయవు కనుక వాటిని తీసివేశాను.

వడ్డీ లెక్కించే ముఖ్యమైన మాక్రోను, ఇకపై ఆ ‘వీబీఏసపోర్ట్’ వరుస ఇచ్చే ఆసరాపై ఆధారపడకూడదని, వేరే మాడ్యూలులో కాల్క్ సొంత పద్ధతిలో తిరగరాశాను. ఇక్కడ అందరూ జాగ్రత్తపడవలసిన విషయం ఒకటుంది: బీ5 గడిని ఎక్సెల్‌లో సెల్స్(5, 2) అని రాస్తే, కాల్క్‌లో గెట్‌సెల్‌బైపొజిషన్(1, 4) అని రాయాలి, ఎందుకంటే అక్కడ నిలువు వరుస ముందు వస్తుంది, లెక్క సున్నాతో మొదలవుతుంది. సంఖ్యలు పొరపాటున తారుమారైతే ఎర్రర్ రాకుండానే వేరే సభ్యుని బాకీ మారిపోవచ్చు. అందుకే పాత, కొత్త ఫలితాలను పక్కపక్కనే పెట్టి సరిచూశాను.

ఫైలును ఓడీఎస్‌గానే భద్రపరుస్తున్నాము. అదే వీబీఏ ప్రాపర్టీస్‌లో ‘సేవ్ ఒరిజినల్ బేసిక్ కోడ్’ ఎంచుకొని ఉండగా మళ్లీ ఎక్సెల్ రూపంలో సేవ్ చేస్తే, మనం చేసిన మార్పులకు బదులు పాత కోడే ఫైలులోకి వెళుతుంది.