అప్‌డేట్: నా నవలలో ప్రేమ ఎందుకు పండలేదో తెలిసింది

ఇద్దరు పీయూసీ (ఇంటర్) విద్యార్థుల ప్రేమ మీద నేను రాసిన నవల హడావిడిగా సాగిందనీ, మనసును తాకడం లేదనీ చదివినవారంతా అంటున్నారని, ఏం చేయాలో చెప్పమని ఆ మధ్య అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సమస్య తీరింది.

పేజీలు పెంచమన్న సలహా పనిచేయలేదు. నలభై పేజీలు కలిపినా కథ అలాగే ఉంది. కథను "నేను" అంటూ చెప్పించడమూ వృథా ప్రయాసే. దారి చూపింది "దాటేసిన రోజులు వెతకండి" అన్న మాట. ఇక్కడే బెంగళూరులో ఉన్న ఒక తెలుగు ఎడిటరు రాతప్రతి చదివి అదే చెప్పారు. ఇక్కడి లాల్‌బాగ్ తోటలో పూల ప్రదర్శన ఏటా రెండుసార్లు, స్వాతంత్ర్య దినోత్సవానికీ గణతంత్ర దినోత్సవానికీ జరుగుతుంది కదా. నా జంట ఆగస్టులో అక్కడి గాజుమందిరం దగ్గర కలుసుకుంటుంది, జనవరికల్లా ఒకరికొకరు ప్రాణమైపోతారు. మధ్యలో "ఐదు నెలలు గడిచాయి" అని ఒకే వాక్యం! ఆవిడ దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, "ప్రేమంతా ఇక్కడే జరిగింది, మీరు రాయలేదు" అన్నారు.

ఆ వాక్యం తీసేసి మూడు అధ్యాయాలు రాశాను. ఒకదానిలో ఆ అమ్మాయి గొడుగు తిరిగి ఇవ్వడానికి అతని ఇంటిదాకా వెళ్లి, లోపల తండ్రి కేకలు విని, గొడుగును గేటుకు తగిలించి వచ్చేస్తుంది. మర్నాడు ఏమీ విననట్టే మాట్లాడుతుంది. ఆమె విన్నదని గేటుకున్న గొడుగు అతనికి అప్పటికే చెప్పేసింది. పాత ప్రతిని సగంలో వదిలేసిన మా చెల్లెలు ఈ అధ్యాయాన్ని రెండుసార్లు చదివింది.

ముగింపు మార్చాలా అని చాలా చర్చించాం. ఆ అవసరమే రాలేదు, అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.