హెడ్‌సెట్ వెనక బరువు కడితే మెడకు మేలా, చేటా?

రేణిగుంట_లైన్: పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) లైన్లో కొత్తవాళ్లకు పని నేర్పించేదానికి క్వెస్ట్ 3 వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు కట్టే తెర) పెడతాండారు. 515 గ్రాములు, అంతా ముఖం మీదే. వెనక పట్టీకి 250 గ్రాముల ప్లేటు కట్టమంటాండారు. కట్టొచ్చా?

కట్టమంచి_ఫిజియో: కట్టాల్సిందే. బరువెంత అని కాదు, అది కీలుకు ఎంత దూరంలో వేలాడతాందో చూడాల. తల ఊగే కీలు చెవిరంధ్రం దగ్గరుంటుంది. దానికి 10 సెంటీమీటర్లు ముందర 515, అంతే వెనక 250 అనుకోండి, లాగుడు సగం తగ్గిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల హెడ్‌సెట్ హోలోలెన్స్ 1 బరువు 579 గ్రాములు, రెండోది 566. తేడా 13 గ్రాములే. బరువును ముందూ వెనకా సమంగా పంచినందుకే రెండోది మెడకు హాయి.

సత్యవేడు_మెయింటెనెన్స్: అది తల నిటారుగా ఉన్నప్పటి లెక్క సార్. బోర్డు మీదికి 60 డిగ్రీలు వంగితే వెనక ప్లేటు నెత్తి మీదికొస్తుంది. 10 సెంటీమీటర్ల ఆసరా బాగా తగ్గిపోతుంది. అప్పుడది ఉత్త బరువే, మొత్తం 765 మోయాల.

పలమనేరు_88: చెంప ఎముక మీద ఎర్రగా అచ్చు పడితే పైపట్టీ వదులని అర్థం. ముందు పక్కపట్టీలు వదిలి, వెనకపట్టీని తలవెనక గుబ్బ కిందికి దించి, బరువు పైపట్టీ మోసేలా సరిచేసి, ఆఖర్న పక్కవి బిగించాల. చెమటకు జారతాందని పక్కవే బిగిస్తే తలనొప్పే.

కట్టమంచి_ఫిజియో: నేర్చుకునేటప్పుడు బొమ్మ ఎదురుగానే కదా కనపడేది, వంగేదెందుకు?

సత్యవేడు_మెయింటెనెన్స్: ఎదురుగానా? కెమెరాలోంచి అసలు బోర్డునే చూపిస్తా కాంపోనెంట్లు పెట్టిస్తాండారు సార్! లైన్ చూడకుండా లెక్కలు చెప్పొద్దు.

కట్టమంచి_ఫిజియో: లెక్క తప్పయితే తప్పని చూపించండి, గొంతు పెంచొద్దు.

సత్యవేడు_మెయింటెనెన్స్: లెక్క తప్పనలేదు. ప్లేటు కట్టినాక "ఇంక మెడ నొయ్యదు, గంటసేపు తీయొద్దు" అంటాండారు. కాంట్రాక్టు ఆడపిల్లలు తీస్తామని అడిగేదానికి కూడా భయపడతారు. నా పోరు దాని మీద.

రేణిగుంట_లైన్: ఆ మాట నిజమే. బ్రేక్ తీసేసినారు.

కట్టమంచి_ఫిజియో: అది ముందే చెప్పాల్సింది. ప్లేటు బ్రేకుకు బదులు కాదు. 20 నిమిషాలకోసారి తీయాల్సిందే, ఎవరినీ అడగకుండా. వేళ్లల్లో తిమ్మిరొస్తే ఆరోజుకు మళ్లీ పెట్టొద్దు. అయినా నిటారుగా ఉన్నంతసేపూ ప్లేటు మేలే, ఆ మాట వెనక్కి తీసుకోను.

సత్యవేడు_మెయింటెనెన్స్: అయితే ముందు బోర్డును పట్టి ఉంచే ఫిక్స్చర్‌ను వాలుగా లేపి, మెడ 20 డిగ్రీలు దాటకుండా టేబుల్ ఎత్తు సరిచేయించండి. ప్లేటు సంగతి ఆ తర్వాత.