అప్‌డేట్: పలమనేరు కథలో ఊరివాళ్లంతా విలన్లలా కనిపిస్తున్నారని అడిగాను కదా, తేలింది

గుంటూరు వైపు నుంచి చిత్తూరు జిల్లా పలమనేరుకు బదిలీ మీద వచ్చి, ఊళ్లో బయటిమనిషిగానే మిగిలిపోయిన బ్యాంకు ఉద్యోగిని గురించి నేను రాస్తున్న కథ అది. ఆ దూరం చూపించబోతే ఊరివాళ్లంతా విలన్లయిపోతున్నారు, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసిన సలహా ఒక్కటే: "ఎవరిచేతా చెడ్డమాట అనిపించకండి, మర్యాదలోనే దూరం చూపించండి." వీధిలో గొడవ సీన్ తీసేశాను. ఇప్పుడు కిరాణా కొట్టు సీనే కథకు ప్రాణం. కొట్టాయన బెంచీ తుడిచి కూర్చోమంటాడు. "యాడ నుంచి వచ్చిండావమ్మా, మీవాళ్లెవురూ ఈ పక్క లేరా?" అని ఆప్యాయంగానే అడుగుతాడు. కానీ అప్పు పుస్తకంలో అందరికీ పేర్లుంటాయి, ఆమెకు మాత్రం ఏడాది తర్వాత కూడా "కొత్త బ్యాంకమ్మ" అనే ఉంటుంది. ఎదురుగా నిలబడి ఆమె ఆ అక్షరాలను తలకిందులుగా చదువుకోవడం రాస్తుంటే నాకే గొంతు పట్టేసింది.

ఆమె గుంటూరు యాసే ఈ దూరానికి కారణం అనుకుని నెల పోగొట్టుకున్నాను. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు దగ్గరున్న ఊళ్లో వేరే యాస వింతేమీ కాదు. మనిషి ఎవరి తాలూకో తెలియకపోవడమే వింత. కథ చదివిన చిత్తూరు తెలుగు మాస్టారు ఒకరు ఇదే పట్టుకున్నారు. ఊరి పేరు మార్చమన్న సలహా అవసరం పడలేదు.

మధురాంతకం రాజారాం గారిని చదవమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. 1993లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మా జిల్లా కథకుడిని ఇన్నాళ్లూ చదవకపోవడం నా లోటే.

చివర్లో ఆమె పేరు అడిగేది కొట్టాయన కూతురు. పుస్తకంలో రాసేదీ ఆ పిల్లే.