సెలూన్ బ్లేడు, దోమకాటు: హెచ్‌ఐవీ వస్తుందా?

ప్రశ్న: సెలూన్‌లో బ్లేడుతో తెగితే, దోమ కుడితే, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లతో కలిసి తింటే సోకుతుందా? పరీక్ష ఎప్పుడు చేయించాలండీ?

జవాబు 1: దోమతో రాదండీ. వైరస్ దోమ పొట్టలో పెరగదు, అరిగిపోతుంది. పైగా దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది లాలాజలాన్ని, ముందు తాగిన రక్తాన్ని కాదు. కలిసి తిన్నా, కౌగిలించుకున్నా రాదు. సోకేది రక్తం, వీర్యం, యోని, మలద్వార స్రావాలు, తల్లిపాల ద్వారా.

జవాబు 2: బ్లేడుతో ముప్పు చాలా చాలా తక్కువ. ఒంటి బయట, ఆరిన రక్తంలో ఈ వైరస్ త్వరగా దెబ్బతింటుంది. అయినా కొత్త బ్లేడు అడగండి, హెపటైటిస్ బి కోసమైనా: అది బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. అసలు భయపడాల్సింది ఒకరి సూది ఇంకొకరు వాడటానికి.

జవాబు 3: కండోమ్ లేని కలయిక లాంటిది జరిగితే మొదట చూడాల్సింది గడియారం. 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఏఆర్‌టీ సెంటర్‌కు (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) లేదా ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి పెప్ మందులు (వైరస్ ఒంట్లో స్థిరపడకుండా ఆపేవి) అడగండి. 28 రోజులు, ఒక్క పూటా మానకూడదు. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రం) పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. వారానికే నెగటివ్ వచ్చిందని ఊరుకోకండి, పరీక్షలో కనిపించే యాంటీబాడీలు (వైరస్‌పై ఒళ్లు తయారుచేసుకునేవి) తయారవడానికి టైం పడుతుంది. 3 నెలలకు మళ్లీ చేయించండి. సందేహాలకు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097.

జవాబు 4: ఇంకో మాట. రోజూ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వేసుకుంటూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకు అందనంతగా తగ్గి నిలిచినవారి నుంచి లైంగికంగా సోకదు. దయచేసి వాళ్లను దూరం పెట్టకండి.