పాత యంత్రాలే గట్టివా? ఫ్రిజ్‌కీ కారుకీ ఒకే తీర్పా?

పాతఇనుము:
అప్పటి ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు, స్కూటర్లు ఒక తరం దాటి నడిచాయి. ఇప్పటివి వారంటీ తీరగానే మూలన పడుతున్నాయి. కంపెనీలు కావాలనే ఇలా చేస్తున్నాయన్నది నా వాదన. ఇది ఉత్త అనుమానం కాదు. 1924లో పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో జట్టుకట్టి, బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. అంతకన్నా ఎక్కువకాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా కూడా వేశాయి. అమెరికాలో లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నాటి బల్బు మన కాలం దాకా వెలుగుతూ వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?

నిదానం:
ఫీబస్ సంగతి నిజమే. కానీ ఆ లివర్‌మోర్ బల్బు ఇచ్చేది గుడ్డి వెలుతురండీ, దాని కింద కూర్చుని పుస్తకం చదవలేం. తీగ తక్కువ వేడెక్కితే ఎక్కువకాలం ఉంటుంది, కాకపోతే కరెంటుకు తగ్గ వెలుగు రాదు. పైగా దాన్ని ఆర్పిందే చాలా అరుదు. అదే కాలంలో మాడిపోయిన లక్షల బల్బులు ఇప్పుడు ఎవరి కంటా పడవు. పాత ఫ్రిజ్‌ల విషయమూ అంతే. తుక్కులోకి పోయినవి పోగా మిగిలిన నాలుగింటిని చూసి మొత్తం తరాన్నే మెచ్చుకుంటున్నాం.

వాహనాల్లో అయితే మీ వాదన అసలు నిలవదు. చాలా పాత కార్లలో తిరిగిన దూరం చూపే ఓడోమీటర్‌లో అయిదంకెలే ఉండేవి, 99,999 దాటితే మళ్లీ సున్నా. ఇంజన్‌లో స్పార్కు తెప్పించే పాయింట్ల గ్యాప్ సరిచేయడం, కార్బ్యురేటర్ విప్పి కడగడం, చోటుచోటునా గ్రీజు కొట్టడం మామూలు పనులు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ బాధ పోయింది. జింకు పూత వల్ల బాడీ తుప్పు పట్టడమూ బాగా తగ్గింది. 2024 నాటికి అమెరికా రోడ్ల మీద బండ్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది.

ఇక పాత కార్ల రేకు మందం కాబట్టి అవే భద్రమనే మాట గురించి. 2009లో అక్కడి బీమా సంస్థల భద్రతా కేంద్రం 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ, 2009 షెవర్లే మాలిబూనూ ఎదురెదురుగా గుద్దించింది. పాత కారులో డ్రైవర్ కూర్చునే చోటు నలిగిపోయింది, కొత్తదాంట్లో నిలిచింది. బండి మన్నితే చాలదు, మనిషి మిగలాలి కదా!

పానా_పట్టకారు:
మీరిద్దరూ ఇనుము దగ్గరే ఆగిపోయారు. మరమ్మతు చేసేవాడిగా చెప్తున్నా, అసలు తగువు విప్పడం దగ్గర ఉంది.

తలుపు ముందువైపు ఉండే (ఫ్రంట్ లోడ్) వాషింగ్ మెషీన్ తీసుకోండి. సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి దిగుతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, స్పిన్‌లో మోత మొదలవుతుంది. ఈ జబ్బు పాతవాటికీ ఉంది. కాకపోతే టబ్బు రెండు సగాలూ బోల్టులతో బిగించి ఉండేవి. విప్పి, బేరింగులు దిగ్గొట్టి, కొత్తవి వేసేవాళ్లం. ఇప్పుడు చాలా మోడళ్లలో ఆ రెండు సగాలనూ కరిగించి అతికేస్తున్నారు. చిన్న బేరింగు పోతే డ్రమ్ముతో సహా టబ్బంతా మార్చాలి. ఆ ఖర్చు విన్నాక కొత్త మెషీన్ కొనేసేవాళ్లే ఎక్కువ. దీన్ని ఏ సాంకేతిక ప్రగతి పేరుతోనూ సమర్థించలేం, నాకు నిజంగా కోపం వచ్చే విషయమిది.

మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులదీ ఇదే కథ. పోయేది రిలేనో కెపాసిటరో, ఏదో ఓ చిన్న భాగం. బోర్డంతా జిగురు పోసి మూసేస్తే దాన్ని చేరుకునేదెలా? ఎల్‌ఈడీ బల్బులోనూ చాలాసార్లు ముందుగా పోయేది వేడికి దెబ్బతిన్న డ్రైవరే, అంటే బల్బుకు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూట్.

చట్టం కదిలిస్తే కంపెనీలు కదులుతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి వాషింగ్ మెషీన్ల విడిభాగాలు ఏళ్ల తరబడి అందుబాటులో ఉంచి తీరాలి. ఫ్రాన్స్‌లో అదే ఏడాది నుంచి కొన్ని రకాల వస్తువులపై మరమ్మతు సౌలభ్యానికి పదికి ఇన్ని మార్కులని వేసి చూపాల్సి వచ్చింది.

నిదానం:
టబ్బు విషయంలో మీ మాటే నాదీ. అలాగని పాత ఫ్రిజ్‌ను ఆకాశానికెత్తలేను. అది కరెంటు బాగా తాగుతుంది. చల్లబరచడానికి వాడే, ఓజోన్ పొరను తినేసే ఆర్‌-12 గ్యాస్ ఎన్నో పాత ఫ్రిజ్‌లలో ఉండేది, 1987 మాంట్రియల్ ఒప్పందంతోనే దానికి కళ్లెం పడింది.

పాతఇనుము:
గ్యాస్ మారాలి, సరే. గ్యాస్ మారినందుకు బోర్డుకు జిగురెందుకు పోయాలి? చాలా పెట్టెల మీద పెద్ద అక్షరాల్లో "10 ఏళ్ల వారంటీ" అని ఉంటుంది, దగ్గరికెళ్లి చదివితే అది మోటారుకో కంప్రెసర్‌కో మాత్రమే. బోర్డుకు ఏడాదో, రెండేళ్లో. ఏది ముందు పోతుందో తయారుచేసినవాళ్లకు బాగానే తెలుసన్నమాట.